తలకిందుల పెట్టెలు

ఆ కొట్టులో 'లేదు' అనే మాట ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా వినబడలేదు. ఇది నేను గుండెల మీద చెయ్యి వేసుకుని చెబుతున్న మాట. చంద్రమండలం నుంచి ఎవరైనా టీవీ భుజాన వేసుకొచ్చి బల్ల మీద దించి, "అయ్యా, ఇందులో ఫలానా కండెన్సరు పేలింది" అన్నాసరే, మెకానిక్కు తల ఎత్తేవాడు కాదు. చేతిలోని సోల్డరింగు కడ్డీ దించేవాడు కాదు. "అక్కా!" అని ఒక్క కేక వేసేవాడు. వెనక చెక్క తడిక పక్కనుంచి ఒక చెయ్యి బయటికి వచ్చేది. ఆ చేతిలో ఆ కండెన్సరే ఉండేది.

తడిక వెనక ఉన్నది మెకానిక్కు అక్క. అక్క వెనక ఉన్నది గోడ. ఆ గోడ సంగతి చెప్పకపోతే ఈ కథకు కాళ్ళు రావు. మూడు వందల చిల్లర ఖాళీ అగ్గిపెట్టెల్ని ఒకదాని మీద ఒకటి, ఒకదాని పక్కన ఒకటి జిగురుతో అంటించి అక్క కట్టిన గోడ అది. ప్రతి పెట్టె లోపలి అర ఒక సొరుగు. సొరుగు లాగడానికి ముందు ఒక చొక్కా గుండీ కుట్టి ఉండేది. గుండీలన్నీ ఎదురు వరసలో ఉన్న టైలరు ఇచ్చినవి. తెల్లవి, నల్లవి, కోటు గుండీలు, ఎవరో పెద్దమనిషి పెళ్ళి కోటుకి మిగిలిపోయిన ఇత్తడి గుండీలు రెండు. ఒక్కో సొరుగులో ఒక్కో రకం రెసిస్టరు, ఒక్కో రకం డయోడు. బియ్యపుగింజంత పార్టును వేళ్ళ మధ్య తిప్పి, దాని మీది రంగు గీతలు చూసి, అది ఏ సొరుగుదో అక్క చెప్పేసేది. ఒకసారి ఆ సొరుగుల్లో ఒకదాంట్లో బల్లి గుడ్లు పెట్టింది. అక్క దాన్ని తోలలేదు. సొరుగు మీద చీటీ అంటించింది: 'బల్లి ఒకటి, గుడ్లు రెండు'. కొన్నాళ్ళకి 'గుడ్లు రెండు' అన్న మాట కొట్టేసి 'పిల్లలు రెండు' అని దిద్దింది. ఆ తర్వాతి వారం చీటీ మొత్తం కొట్టేసి పక్కన 'సరుకు వెళ్ళిపోయింది' అని రాసింది.

ప్రతి సోమవారం మధ్యాహ్నం అక్క పట్నంలో పార్టులమ్మే డీలరుకి ఉత్తరం రాసేది. ఆ ఉత్తరాలు చూడాలి మీరు. నంబరు చెరిగిపోయిన ట్రాన్సిస్టరు ఉంటే దాని మూడు కాళ్ళనీ కాగితంలోకి గుచ్చి, వెనక్కి మడిచి, దాని పక్కనే 'ఇలాంటివి నాలుగు' అని రాసేది. కాళ్ళు గట్టిగా ఉంటే ముందు సూదితో కన్నాలు పొడిచేది. అలా పార్టులు కుట్టిన కాగితాన్ని మడతపెడితే కవరు ఉబ్బి, పోస్టు డబ్బా మూతిలో పట్టేది కాదు; అక్క స్వయంగా పోస్టాఫీసు కిటికీలో ఇచ్చి వచ్చేది. గురువారం బస్సులో పార్సెలు దిగేది. పార్సెలు మీద పేరు మాత్రం మెకానిక్కుది. కొన్నిటికి మెకానిక్కు నోటితో చెప్పిన నంబరే రాసేది; సరిపడని పార్టు వస్తే తర్వాతి ఉత్తరంతో వెనక్కి పంపేది.

పెద్ద పార్టులు అగ్గిపెట్టెల్లో పట్టవు కదా. అవి అటక కింది పొడవాటి చెక్క మీద, కొన్నప్పటి అట్టపెట్టెల్లోనే ఉండేవి. వాటికి అక్క ఒక పద్ధతి పెట్టుకుంది. కొత్త పార్టు తీసి సెట్టులో బిగించగానే, సెట్టులోంచి ఊడదీసిన కాలిపోయిన పార్టును అదే అట్టపెట్టెలో పెట్టేది. మళ్ళీ తెప్పించేటప్పుడు నమూనా కావాలి కదా, దాని కాళ్ళ వరస, నంబరు అన్నీ దాని మీదే ఉంటాయి. అయితే ఆ పెట్టెను తలకిందులుగా పెట్టేది. సోమవారం స్టూలెక్కి చూసేది. అక్షరాలు తలకిందులుగా ఉన్న పెట్టెలన్నీ ఆ వారం ఉత్తరంలోకి ఎక్కేవి.

"బతికున్నవి నిలబడతాయి, చచ్చినవి తలకిందులుగా ఉంటాయి. ఇంతకన్నా లెక్కేముందిరా?" అనేది.

మెకానిక్కు ఆ లెక్కలోకి ఎప్పుడూ తల దూర్చలేదు. అతనికి పార్టు చేతిలోకి రావాలి, అంతే. పార్టు ఎక్కణ్ణుంచి వచ్చిందని ఆలోచిస్తే అన్నం ఎక్కణ్ణుంచి వచ్చిందని కూడా ఆలోచించాల్సి వస్తుంది.

ఒక ఆదివారం అక్క ఊళ్ళో లేదు. చెల్లెలి కూతురికి కాన్పయింది, చూసి రావడానికి వెళ్ళింది. మర్నాడు టీవీ కంపెనీ మనిషి వస్తున్నాడు. ఆ వీధుల్లో ఉన్న మూడు కొట్లలో ఒకదానికి కంపెనీ వాళ్ళ బోర్డు ఇస్తారట: అధీకృత సర్వీసు కేంద్రం. ఆ మూడు మాటలూ మెకానిక్కు నాలుక మీద నెలరోజులుగా చాక్లెట్టులా తిరుగుతున్నాయి. పొద్దున్నే భార్యను పిలిచి స్టూలు పట్టుకోమని, తను ఎక్కి చెక్క మీది దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు. అట్టపెట్టెల్ని ఒక్కొక్కటే తుడిచి, ముందుకి జరిపి, అక్షరాలు బయటికి కనబడేలా వరసగా పేర్చాడు. తలకిందులుగా ఉన్నవి వచ్చినప్పుడల్లా టక్కున తిప్పి నిలబెట్టాడు.

"ఏమండీ, వదిన వాటిని ఊరికే అలా పెట్టి ఉండదు," అంది భార్య కిందనుంచి.

"వచ్చేవాడు వదినను చూడ్డానికి రావట్లేదు. ఇలా బోర్లా పడుకుని ఉంటే వాడేమనుకుంటాడు? తాగుబోతు కొట్టనుకుంటాడు."

"అనుకుంటే అనుకోనీ, తర్వాత మళ్ళీ తిప్పి పెట్టాలి కదా అని."

"నాకు తెలీదూ? నువ్వు స్టూలు కదలకుండా పట్టుకో చాలు. నేను పడ్డానంటే నువ్వే నాకు అధీకృత సర్వీసు చెయ్యాల్సి వస్తుంది."

భార్య నవ్వింది. అతను స్టూలు దిగి, నాలుగడుగులు వెనక్కి వేసి, నడుం మీద చేతులు పెట్టుకుని చూసుకున్నాడు. నలభై పెట్టెలు నిటారుగా, కవాతులో సిపాయిల్లా నిలబడ్డాయి. ఆ నిమిషంలో అతనికి తన కొట్టు మీద తనకే గౌరవం కలిగింది.

సోమవారం కంపెనీ మనిషి వచ్చాడు. చేతిలో అట్ట, అట్టకి బిగించిన కాగితాలు, చెవి మీద పెన్సిలు. మీటరు చూశాడు, నేల చూశాడు, అగ్గిపెట్టెల గోడ ముందు ఆగి ఇత్తడి గుండీని లాగి మూశాడు. లాగినవాడు ఊరుకోకుండా ఇంకో ఆరు సొరుగులు లాగాడు. తర్వాత తల ఎత్తి చెక్క వంక చూశాడు.

"ఇంత స్టాకు నేనెక్కడా చూళ్ళేదు. ఎవరు చూస్తారండీ ఇదంతా?"

సరిగ్గా అప్పుడే అక్క బస్సు దిగి, సంచీ భుజాన్నే ఉండగా, వెనక గుమ్మంలోంచి వచ్చింది.

"నేనే," అన్నాడు మెకానిక్కు.

అక్క కళ్ళజోడు సర్దుకుంది. తమ్ముడి వంక చూడలేదు, చెక్క వంక చూసింది. చూసి, "ఏమిట్రా, అన్నీ నిలబడ్డాయే?" అంది.

"ఆఁ... నువ్వు ఊళ్ళో లేవుగా. మొన్ననే మనిషిని పంపించి అన్నీ తెప్పించాను. ఒక్కటి కూడా ఖాళీ లేదు." మాట అక్కతో, చూపు కంపెనీ మనిషి పెన్సిలు మీద.

"అన్నీనా? మనం పన్నెండేళ్ళు తిరిగినా దొరకని ఆ పాత కాయిలు కూడానా?"

"అన్నీ అన్నాగా అక్కా! టీ పెట్టు ముందు, సారు వచ్చి అరగంటైంది."

అక్క లోపలికి వెళ్ళింది. స్టవ్వు మీద గిన్నె పెట్టిన చప్పుడైంది. సారు వెళ్ళగానే అసలు సంగతి చెప్పాలనుకున్నాడు మెకానిక్కు. నిజంగానే అనుకున్నాడు, ఆ మాట మాత్రం నమ్మండి. కానీ సారు వెళ్తూ వెళ్తూ బోర్డు ఎక్కడ తగిలిస్తారో చూపించమన్నాడు. వీధిలోకి దిగి ఇద్దరూ గోడను ఎడంవైపు నుంచీ కుడివైపు నుంచీ చూశారు. తిరిగొచ్చేసరికి అక్క ఆ వారం ఉత్తరం రాసేసి, పోస్టాఫీసుకి వెళ్ళిపోయింది. ఉత్తరం ఈసారి పల్చగా ఉంది, పోస్టు డబ్బాలోనే పట్టింది. బోర్డు సంబరంలో చెప్పాల్సిన సంగతి మెకానిక్కు బుర్రలోంచే జారిపోయింది.

మంగళవారం టైలరు తన టీవీని చక్రాల బండి మీద తోసుకొచ్చాడు. తెర మీద బొమ్మ లేదు, మాట మాత్రం వస్తోంది.

"మెకానిక్కు గారూ, మీరు దీన్ని బాగుచెయ్యకపోతే నా సంసారం కూలిపోతుంది. పదేళ్ళుగా మా అత్తగారు టీవీ చూస్తూ నన్ను మర్చిపోయి ఉంది. నిన్నటి నుంచీ నన్ను చూస్తోంది."

"మాట వస్తోంది కదండీ, వింటూ కూచోమనండి."

"వింటోంది. విని, దానికి కూడా నాకే జవాబు చెబుతోంది."

మెకానిక్కు వెనక మూత విప్పి, టార్చి వేసి చూశాడు. బొమ్మ గొట్టానికి కరెంటు ఎక్కించే పార్టు ఒకటుంటుంది, గుప్పెడంత నల్లటి ముద్ద, దాన్నుంచి లావుపాటి ఎర్ర వైరు, వైరు చివర రబ్బరు టోపీ. మెకానిక్కులందరూ దాన్ని ఈహెచ్‌టీ అంటారు. ఆ ముద్ద ఒక పక్క పగిలి, కాలిన చింతపిక్కలా మెరుస్తోంది. మెకానిక్కు చెక్క వైపు తల ఎత్తాడు. ఆ రకం ఈహెచ్‌టీ పెట్టె ఎడంనుంచి ఏడోది, నిటారుగా నిలబడి ఉంది.

"పార్టు ఉంది. రేపు రండి."

ఇక్కడ నేనొక పని చెయ్యాలి. మొదట్లో గుండెల మీద వేసుకున్న చేతిని తియ్యాలి. ఆ కొట్టులో 'లేదు' అనే మాట వినబడలేదన్నాను కదా, అది నిజమే. లేదు అనాల్సి వచ్చినప్పుడల్లా మెకానిక్కు 'రేపు' అనేవాడు. పార్టు లేకపోతే రేపు, తీరిక లేకపోతే రేపు, అసలేమైందో తెలియకపోతే ఎల్లుండి. చుట్టుపక్కల వీధులన్నీ అతన్ని వెనకాల 'రేపుగారు' అనే పిలిచేవి. నా సెట్టు ఒకటి ఆ రేపుల్లో పడి రెండు చలికాలాలు ఆయన బల్ల కిందే పడుకుంది. కాబట్టి నా ప్రగల్భం నేనే వెనక్కి తీసుకుంటున్నాను. అక్క చెయ్యి తడిక పక్కనుంచి బయటికి రావడం మాత్రం వెనక్కి తీసుకోను.

బుధవారం మెకానిక్కు బోర్డు కోసం గోడకి సున్నం వేయించాడు. గురువారం పార్సెలు దిగింది, చిన్నది. అక్క దాన్ని విప్పి చిన్న పార్టుల్ని సొరుగుల్లో సర్దింది. రెండు రోజులూ టైలరు వచ్చాడు, రెండు రేపులు పట్టుకుపోయాడు. శుక్రవారం పొద్దున వచ్చి, స్టూలు మీద కూచుని, "ఇవాళ ఇక్కణ్ణుంచి లేస్తే నా చెప్పులు మీవి," అన్నాడు. ఆ పక్కన ఇస్త్రీపెట్టె పట్టుకుని ఒకావిడా, రేడియో సంచిలో పెట్టుకుని ఒక ముసలాయనా నిలబడి ఉన్నారు.

"ఇంకో గంట కూచోండి, ఇచ్చి పంపిస్తా," అని మెకానిక్కు పాత ఈహెచ్‌టీ కాళ్ళ దగ్గర కడ్డీ ఆనించి సీసం కరిగించాడు. పది కాళ్ళూ ఒక్కొక్కటే ఊడాయి. ముద్దను బయటికి తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత లేచి చెక్క మీంచి ఏడో పెట్టె దించి, మూత విప్పి, లోపలిది అరచేతిలోకి వంపుకున్నాడు.

అరచేతిలో ఉన్నది బల్ల మీద ఉన్నదానికి కవలపిల్ల. అదే చోట పగులు. కాళ్ళకి పాత సీసం మరకలు. కాలిన వాసన ఇంకా పోలేదు.

"అక్కా!"

తడిక పక్కనుంచి చెయ్యి రాలేదు, అక్కే వచ్చింది. తమ్ముడి కేక ఈసారి పార్టు కోసం కాదని ఆవిడకి అర్థమైనట్టుంది.

"ఏమిటిది? ఏమిటిదని అడుగుతున్నా! చచ్చినదాన్ని తెచ్చి బతికున్నవాటి వరసలో నిలబెడతావా? ఈయన నాలుగు రోజులుగా తిరుగుతున్నాడు. నా మొహం ఎక్కడ పెట్టుకోమంటావు? టీ కాచుకునే మనిషికి పార్టులు అప్పజెప్పాను చూడు, అదీ నా బుద్ధితక్కువ!"

ఇస్త్రీపెట్టె ఆవిడ నేల వంక చూసింది. ముసలాయన రేడియో సంచీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. టైలరు స్టూలు మీంచి సగం లేచి, "పోనీండి, నాకేం తొందర లేదు, అత్తగారిని ఓర్చుకోవడం ఇప్పుడిప్పుడే అలవాటవుతోంది," అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

అక్క తమ్ముడి అరచేతిలోంచి ఆ ముద్దను తీసుకుంది. కళ్ళజోడు పైకి నెట్టి, దగ్గరగా పెట్టుకుని చూసింది. వేలిగోటితో ఒక కాలి మీది సీసం మరకను గీకింది. ఆ తర్వాత తల ఎత్తి చెక్క మీద మిగిలిన ముప్పై తొమ్మిది పెట్టెల్నీ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూసింది. అప్పుడే ఆవిడకి అంతా తెలిసిపోయి ఉండాలి. నోరు తెరిచి, 'సోమవారం నువ్వేం చెప్పావురా' అని ఒక్క మాట అంటే సరిపోయేది. ముగ్గురు బయటివాళ్ళున్నారు. సున్నం ఆరని గోడ ఉంది.

"పొరపాటు నాదేరా," అంది.

ముద్దను పెట్టెలో పెట్టి మూత వేసి, స్టూలు ఖాళీ లేదు కాబట్టి మునివేళ్ళ మీద లేచి, చెక్క మీద తలకిందులుగా పెట్టింది.

శనివారం అక్క తడిక వెనక్కి రాలేదు. చెల్లెలు రమ్మని కబురు చేసింది, బాలింతకి సాయం కావాలట, నెల్లాళ్ళుండి వస్తానని మరదలితో చెప్పి బట్టలు సర్దుకుంటోంది. మెకానిక్కు పొద్దుణ్ణుంచీ తనే సొరుగులు లాగుకుంటున్నాడు. ఒక చిన్న డయోడు కోసం పదకొండు గుండీలు లాగాడు. పన్నెండోది చేతిలోకి ఊడి వచ్చింది.

మధ్యాహ్నం అన్నం దగ్గర ఆ విసుగంతా భార్య మీద పడింది. "నెల్లాళ్ళట! వారం మొత్తం ఆర్డరు తప్పు రాసింది, పైగా అలక."

భార్య గరిటె గిన్నెలో పెట్టేసింది. "ఏమండీ, ఆదివారం పెట్టెలు తిప్పింది మీరే కదా?"

"ఏ పెట్టెలు?"

"ఏ పెట్టెలేమిటి? స్టూలు పట్టుకుంది నేను. బోర్లా ఉన్నవన్నీ మీరే తిప్పారు. ఊరికే పెట్టి ఉండదని చెప్పానా లేదా? సోమవారం మీ సారు ముందర, అన్నీ తెప్పించానని వదినతో చెప్పింది ఎవరు? నేను వంటింట్లోంచి విని, ఎప్పుడు తెప్పించారబ్బా అనుకున్నాను."

అతని చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "మరి వదినకి నువ్వెందుకు చెప్పలేదు?"

"మీరు చెప్పి ఉంటారనుకున్నాను."

చెయ్యి కడుక్కుని కొట్టులోకి వచ్చి, తలుపు సగం చేరవేసి, పెట్టెలన్నీ బల్ల మీదికి దించాడు. ఒక్కొక్కటే మూత తెరిచాడు. కొత్తదైతే కాళ్ళు వెండిలా మెరుస్తాయి, పలచటి నూనె వాసన వస్తుంది. చచ్చినదైతే కాళ్ళు నల్లగా, అడుగున పుచ్చిన పన్నులా ఉంటుంది. కొత్తది, కొత్తది, చచ్చినది. కొత్తది, చచ్చినది. ఒక పెట్టెలో కాలిపోయిన కాయిలుతోపాటు మడిచిన చిన్న చీటీ ఉంది, అక్క చేతిరాత: 'పన్నెండేళ్ళ నుంచి అడుగుతున్నాం. ఇంకోసారి అడగాలి'. అన్నీ అయ్యేసరికి ఈహెచ్‌టీతో కలిపి చచ్చినవి ఆరు తేలాయి. ఆరింటినీ తలకిందులుగా పెట్టి, మిగిలినవాటి మధ్య వేటి చోట వాటిని ఉంచాడు. కవాతు చెడిపోయింది. చెక్క మళ్ళీ చెక్కలా కనబడింది.

ఇప్పుడు వెళ్ళి చెప్పెయ్యాలి. మూడు మాటలు. పెట్టెలు తిప్పింది నేనే. అతను వెనక గదిదాకా నడిచాడు. అక్క మంచం మీద బట్టలు మడత పెడుతోంది. అంచులు ఆనించి, సగానికి మడిచి, అరచేత్తో నొక్కి, ఉత్తరం మడిచినంత జాగ్రత్తగా. అతను గుమ్మంలో నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

అక్క తల ఎత్తింది. "స్టూలు కావాలట్రా?"

స్టూలు ఆవిడ మంచం పక్కనే ఉంది, దాని మీద సంచీ పెట్టుకుంది.

"ఊఁ," అన్నాడు.

అక్క సంచీ కిందికి దించి స్టూలు ఇచ్చింది. అతను స్టూలు పట్టుకుని కొట్టులోకి వచ్చి, దాన్ని నేల మీద పెట్టి, దాని మీద తనే కూచున్నాడు.

ఆదివారం పొద్దున అక్కను బస్సెక్కించడానికి అతనే వెళ్ళాడు. సంచీ అతని చేతిలో ఉంది. వాన వచ్చేటట్టు మబ్బు పట్టింది. బస్సు అద్దాలు దించి ఉన్నాయి. అక్క కిటికీ పక్కన కూచుని, అద్దం పైకి నెట్టి, "సూది సొరుగుల గోడకి కుడిపక్కన గుచ్చి పెట్టాను. కాళ్ళు ముందే మడవకు, విరుగుతాయి. కన్నాలు పొడిచాకే గుచ్చు," అంది.

"అక్కా," అన్నాడతను. "పెట్టెలు తిప్పింది నేనే. సోమవారం నీతో అబద్ధమాడాను. నలుగురిలో నిన్ను అన్న మాట..."

అక్క నవ్వింది. "తెలుసులేరా. తిప్పి పెట్టావుగా మళ్ళీ?" అంటూ కిటికీలోంచి చెయ్యి బయటికి చాచి, పార్టు అందించినట్టే, అతని భుజం తాకింది. బస్సు కదిలింది.

సోమవారం మధ్యాహ్నం మెకానిక్కు జీవితంలో మొదటిసారి పార్టులకి ఉత్తరం రాశాడు. సూది ఉన్నచోటే ఉంది. మొదటి ట్రాన్సిస్టరు కాలు విరిగింది. రెండోదాని కాళ్ళు కాగితంలోంచి గుచ్చుకుని అతని వేలిలో దిగాయి, కాగితం మీద చిన్న ఎర్ర చుక్క పడింది. మూడు కాగితాలు చింపాడు. ఒక పార్టు పక్కన ఏం రాయాలో తెలియక 'ఇది' అని మాత్రం రాశాడు. కవరు ఉబ్బింది, డబ్బా మూతిలో పట్టలేదు. పోస్టాఫీసు కిటికీలో ఇస్తే లోపలున్న గుమాస్తా కవరు పట్టుకుని, "అక్కగారు రాలేదేం?" అన్నాడు.

బుధవారం బోర్డు వచ్చింది. గోడకి తగిలించారు. కంపెనీ మనిషి పంపిన కాగితంలో 'విడిభాగాల నిర్వహణ అసాధారణం' అని ఉంది. మెకానిక్కు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, మడిచి, ఏదో ఒక అగ్గిపెట్టె సొరుగులో పెట్టాడు. ఏ సొరుగులో పెట్టాడో తర్వాత దొరకలేదు.

గురువారం పార్సెలు దిగింది. ఈహెచ్‌టీ వచ్చింది, సరైనదే. 'ఇది' అన్న చోట ఏదో పంపారు, అది కాదు. పార్సెలు అడుగున డీలరు రాసిన చీటీ ఒకటి ఉంది.

'ఈసారి చేతిరాత మారింది. ప్రతి ఉత్తరం చివరా, వెనక్కి పంపిన సరుకు గురించి, "పొరపాటు నాదే, మా తమ్ముడు నంబరు సరిగ్గానే చెప్పాడు" అని అమ్మగారు రాసేవారు. ఇన్నేళ్ళలో ఆ వాక్యం లేని ఉత్తరం ఇదే. అమ్మగారికి ఒంట్లో కులాసాయేనా? ఆవిడ అడిగే పాత కాయిలు కోసం ఇంకా వెతుకుతున్నామని చెప్పండి.'

మెకానిక్కు చీటీని బల్ల మీద పెట్టి దాని మీద స్క్రూడ్రైవరు పెట్టాడు, గాలికి ఎగరకుండా. గాలి లేదు. తన నోటితో చెప్పిన తప్పు నంబర్లు ఎన్ని ఉంటాయో లెక్కపెట్టడానికి చూశాడు. ఒక్కటీ గుర్తు రాలేదు. గుర్తుంచుకునే అవసరమే అతనికెప్పుడూ రాలేదు మరి.

సాయంత్రానికి టైలరు సెట్టులో బొమ్మ వచ్చింది. టైలరు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. "మీ చేతిలో ఏదో ఉందండీ! మా అత్తగారి తరఫునా, నా చెవుల తరఫునా..." అంటూ జేబులోంచి చిన్న పొట్లం తీశాడు. "అక్కగారికి ఇవ్వండి. ముత్యపు గుండీలు. గౌను కుట్టించుకున్నావిడ వద్దని వదిలేసింది. మొన్న అక్కగారి మొహం చూసినప్పటినుంచీ నాకు అన్నం సయించట్లేదండీ, నా టీవీ మూలానే కదా అంతా. ఏదీ ఆవిడ, ఎప్పుడొస్తారు?"

మెకానిక్కు పొట్లం అందుకున్నాడు. తడిక పక్కన, చెయ్యి బయటికి వచ్చే చోటు వంక చూశాడు.

"రేపు," అన్నాడు.

టైలరు బండి తోసుకుంటూ వీధి దాటాడు. ఆ 'రేపు'కి అర్థమేమిటో ఆ వీధిలో అందరికన్నా అతనికే బాగా తెలుసు. నెల్లాళ్ళు రెండు నెలలై, ఎనిమిది నెలలయ్యాయి, పసివాడు బోర్లాపడ్డాడు, పాకాడు, అక్కకి అక్కడే అలవాటైపోయింది. ముత్యపు గుండీలు పొట్లంలోనే ఉన్నాయి. ఊడిన గుండీ సొరుగు వేలిగోటితో లాగితేనే వస్తుంది. చెక్క మీద తలకిందుల పెట్టెలు పెరుగుతూ పోయి, నిలబడినవాటికన్నా ఎక్కువయ్యాయి. వాటిని మాత్రం అతను మళ్ళీ ఎవరికోసమూ తిప్పలేదు.

కథ చెప్పేవాడన్నాక ఎక్కడో ఒకచోట సొంతది కొంత కలుపుతాడు, మీకూ తెలుసు. బల్లికి చీటీ అంటించిన సంగతి నేను పుట్టించానని అనుకుంటూ ఉంటారు. కాదు, ఆ చీటీ నేను కళ్ళారా చూశాను, 'సరుకు వెళ్ళిపోయింది' అన్న మాటతో సహా. చింతపిక్క, ఇత్తడి గుండీలు, డీలరు చీటీ, అన్నీ ఉన్నవే. నేను కల్పించింది ఒకటే. బస్సు దగ్గర అతను అక్కతో తప్పు ఒప్పుకున్న ఆ మాటలేవీ అనలేదు. సంచీ కిటికీలోంచి అందించి, మబ్బు వంక చూసి, "గొడుగు పెట్టుకున్నావా?" అన్నాడు. పెట్టుకున్నానంది. బస్సు కదిలింది.